డైట్ చార్ట్ నేనివ్వనమ్మా

ఒకమ్మాయి రాసింది, పుట్టిల్లు చిత్తూరు, కాపురం తిరుపతి. భర్తకి 34 ఏళ్ళు, పన్నెండేళ్ళుగా తన తండ్రి షాపులోనే పని, జీతం అంటూ లేదు, పిల్లోడి స్కూలు ఫీజుకి కూడా ఆయన్నే అడగాల. రాత్రి పదిన్నర దాటినాక వంటింట్లో లైటు వేయకుండా నిలబడే ఆరేడు పరోటాలు, రెండు ఆమ్లెట్లు తినేసి, ఆ కవర్లు స్కూటీ డిక్కీలో దాచిపెట్టి పొద్దున పారేస్తాడంట. "వారానికి రెండు మూడు సార్లు మేడమ్, మామయ్య కస్టమర్ల ముందు తిట్టిన రోజే. బరువు తగ్గేదానికి డైట్ చార్ట్ చెప్పండి" అనేది ప్రశ్న. చివర్లో ఇంకో లైను: "ఆ రోజు నాకూ ముద్ద దిగదు, అత్తమ్మ బలవంతంగా పెడితే బాత్రూంలోకి పోయి కక్కేస్తా."

అమ్మా, ఏ రోజు తింటాడో నువ్వే కనిపెట్టి రాసినావు, ఇంక చార్ట్ ఎందుకు? పగలంతా కడుపు మాడ్చుకుంటే రాత్రికి ఇంకా ఎక్కువ తింటాడు. కొద్దిసేపట్లోనే అంత తినేయడం, ఆపుకోలేకపోవడం, దాక్కోవడం, తర్వాత సిగ్గుపడడం, ఇది వారానికి ఒకసారైనా మూడు నెలల పాటు జరిగితే బింజ్ ఈటింగ్ డిజార్డర్ అంటారు, 2013లో వచ్చిన డీఎస్ఎం-5లో, అంటే మానసిక జబ్బులకి అమెరికా సైకియాట్రీ డాక్టర్ల సంఘం వేసిన పుస్తకంలో, దీన్ని విడి జబ్బుగానే చేర్చినారు. మగవాళ్ళలోనూ ఉంది, కాకపోతే మనిళ్ళల్లో మగోడు ఎంత తిన్నా "బాగా తింటాడు" అని మురిసిపోతారు గాని వీడికి ఏం కష్టమొచ్చిందో అని ఎవరూ అడగరు.

తండ్రికి ఎదురు చెప్పకూడదని పెంచినారు, ఏడిస్తే ఆడంగోడివా అన్నారు, మరి ఆ అవమానం యాడికి పోవాల? పరోటాతో పాటు మింగుతా ఉండాడు. నీకేమో అన్నం మీద అలగడం ఒక్కటే నేర్పినారు, మా అమ్మా అదే చేసేది, కంచం ముందు నుంచి లేచి పోయేది, మేం పిల్లలం బిక్కచచ్చి చూసేవాళ్ళం. ఒకరు మింగడం, ఒకరు కక్కడం, మాట మాత్రం ఇద్దరి నోట్లోంచీ రాలేదు.

అసలు తేలాల్సింది తండ్రీకొడుకుల సంగతి. పెద్దాయనకి మర్యాద ఇవ్వాల్సిందే, నేను కాదనను, కానీ పన్నెండేళ్ళు చాకిరీ చేసినోడికి నెల జీతం అడిగే హక్కు ఉంది, అది అడగడం తండ్రిని ధిక్కరించడం కాదు. నువ్వు పోయి మామయ్యతో కొట్లాడొద్దు, నీ భర్త తరఫున నువ్వు మాట్లాడితే ఆయన ఇంకా చిన్నబోతాడు. షాపు మూసినాక, కస్టమర్లు లేనప్పుడు, ఆయనే అడగాల. ఇంట్లో నువ్వు కవర్లు లెక్కపెట్టడం మానేసి, "ఈరోజు ఏమన్నాడు మామయ్య?" అని అడుగు, చెప్పకపోయినా పక్కన కూర్చో.

నీ సంగతి ఒక్క లైనులో తేల్చేసినావే, నాకు భయమేసింది అదే. ఊరికే కక్కుతా ఉంటే ఒంట్లో పొటాషియం పడిపోయి గుండె లయ తప్పొచ్చు, పళ్ళ ఎనామిల్ అరిగిపోతుంది. కక్కిన వెంటనే బ్రష్ చేయొద్దు, నీళ్ళతో పుక్కిలించు చాలు. ఈ వారమే ఇద్దరూ కలిసి రుయా ఆస్పత్రి సైకియాట్రీ ఓపీకి పోండి, కక్కే సంగతి దాచకుండా చెప్పి రక్త పరీక్ష చేయించుకో. పోయేదానికి మొహమాటమైతే ముందు టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ నంబరు 14416కి ఫోన్ చెయ్యి, డబ్బులు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు.

జీతం మాట ఏమైందో మళ్ళీ రాయి, ఈసారి ఆయన చేత రాయించు.