భారత, చైనా ప్రజల మధ్య స్నేహం నిజమా, నినాదమా?

రెండు వేల ఏళ్ళ స్నేహం అని పాఠ్యపుస్తకాల్లో చదివాం గానీ, సరిహద్దు వార్తలు చూస్తే నమ్మబుద్ధి కావడం లేదని, అది నిజంగా ఉండేదా లేక నాయకులు పుట్టించిన మాటేనా అని మీరు అడిగారు. చైనాలోని హెబెయ్ రాష్ట్రంలో, షిజియాజువాంగ్ నగరంలో నాలుగున్నరేళ్ళు వైద్యవిద్య చదివినవాడిగా నాకు తెలిసినంత చెబుతాను.

నినాదం ఒకటి ఉన్నమాట వాస్తవమే. 1954లో పంచశీల ఒప్పందం కుదిరిన రోజుల్లో ‘హిందీ చీనీ భాయి భాయి’ అని గొంతెత్తి పలికిన దేశమే, 1962 యుద్ధం రాగానే తరతరాలుగా మన గడ్డ మీద బతుకుతున్న చైనా సంతతి కుటుంబాలను ముసలివారు, పిల్లలు అని చూడకుండా రాజస్థాన్‌లోని దేవలీ శిబిరానికి తరలించి నిర్బంధించింది. కనుక ప్రభుత్వాల స్నేహాన్ని వెనకేసుకొచ్చే ఉద్దేశం నాకు లేదు. నేను చెప్పబోయేది పొరుగువాడి భాష నేర్చుకున్న కొందరు మనుషుల సంగతి.

నేను హాస్టల్లో చేరిన మొదటి వారంలోనే, అక్కడి పనులు చూసే పెద్దావిడ నా దేశం ఏదని అడిగారు. ఆమెను అందరం ‘ఆయీ’ అనేవాళ్ళం. మన పిన్ని వంటి పిలుపు అది. ‘యిందూ’ అన్నాను. ఆమె ముఖం విప్పారింది, ‘కే దీహ్వా!’ అని బొటనవేలు పైకెత్తి చూపించారు. అదెవరో నాకు తెలియలేదు. షోలాపూర్‌లో పుట్టిన డాక్టర్ ద్వారకానాథ్ కోట్నీస్‌కు చైనావారు పెట్టుకున్న పేరు అదని ఆ సాయంత్రం ఒక సీనియర్ చెప్పేదాకా తెలియకపోవడం నాకు సిగ్గనిపించింది.

జపాన్ దండయాత్రలో నలిగిపోతున్న చైనాకు 1938లో భారత జాతీయ కాంగ్రెస్ పంపిన అయిదుగురు వైద్యుల్లో కోట్నీస్ ఒకరు. ఆయన అక్కడే ఉండిపోయి, చైనా భాష నేర్చుకుని, గ్వో చింగ్‌లాన్ అనే ఆమెను పెళ్ళి చేసుకుని, 1942 డిసెంబరు 9న 32 ఏళ్ళకే మూర్ఛవ్యాధితో కన్నుమూశారు. కొడుక్కి ‘యిన్‌హ్వా’ అని పేరు పెట్టారు. ‘యిన్’ అంటే భారతం, ‘హ్వా’ అంటే చైనా. ఆయన సమాధి షిజియాజువాంగ్ అమరవీరుల వనంలో, కెనడా వైద్యుడు నార్మన్ బెథూన్ సమాధి ఉన్న ఆవరణలోనే ఉంది. ఏప్రిల్ మొదట్లో వచ్చే చింగ్‌మింగ్ పండుగకు అక్కడివారు పెద్దల సమాధులు శుభ్రం చేసి పూలు పెడతారు. ఒక ఏడాది ఆ రోజున నేనూ వెళ్ళాను. ఒక తాతగారు మనవడి చేత కోట్నీస్ విగ్రహం ముందు తెల్ల చామంతి పెట్టించి, వంగి నమస్కరించమని వాడి వీపు మీద మెల్లగా తట్టడం చూశాను. వాళ్ళను ఆ పని చేయమని ఎవరూ పురమాయించలేదు.

ఇక మన తెలుగువారి వాటా. నాది గుంటూరు ప్రాంతమని, అది ఆంధ్రదేశమని ఒకసారి మా చైనీస్ భాషా ఉపాధ్యాయినితో అన్నాను. మరునాడు ఆమె హుయాన్ త్సాంగ్ యాత్రావృత్తాంతం తెచ్చి ‘అన్‌తలో’ అన్న అక్షరాల మీద వేలు పెట్టి చూపించారు. ఏడో శతాబ్దిలో మన నేల మీద నడిచిన ఆ బౌద్ధ భిక్షువు, ఇక్కడి మాట, వాక్యాల కూర్పు మధ్య భారతదేశానికి భిన్నమని, లిపి మాత్రం ఇంచుమించు అలాగే ఉంటుందని రాసుకున్నాడు. ధాన్యకటకంలో, అంటే నేటి అమరావతి ప్రాంతంలో, కొన్ని నెలలు ఆగి, ఇక్కడి భిక్షువుల దగ్గర అభిధర్మం అనే బౌద్ధ తత్త్వశాస్త్రం చదువుకున్నాడు. అమరావతికి గంట ప్రయాణం దూరంలో పెరిగిన నేను ఈ సంగతి వివరంగా వినడానికి హెబెయ్ దాకా పోవలసి వచ్చింది!

అంతకు మూడు నాలుగు వందల ఏళ్ళ ముందే, ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని 14వ పాలనా సంవత్సరంలో, బోధిసిరి అనే ఉపాసిక నాగార్జునకొండలో సింహళ ఆచార్యుల కోసం చైత్యగృహం కట్టించి వేయించిన శాసనంలో, ఆ ఆచార్యులు ధర్మం వైపు తిప్పిన దేశాల పట్టీ ఉంది. కశ్మీరం, గాంధారం తరువాత వచ్చే పేరు చీన. బౌద్ధాచార్యుడు నాగార్జునుని ‘సుహృల్లేఖ’ సంస్కృత మూలం మనకు దక్కలేదు; టిబెటన్, చైనీస్ అనువాదాల్లోనే మిగిలింది. అది ఆయన తన మిత్రుడైన శాతవాహన రాజుకు రాసిన పద్యలేఖ అని చెప్పి చైనీస్‌లోకి మార్చినవాడు, సముద్రమార్గాన మన దేశానికి వచ్చిన చైనా భిక్షువు ఇత్సింగ్.

మాటలు కూడా ఇలాగే ప్రయాణించాయి. మన ధ్యానం అక్కడ ‘చాన్’ అయి, జపాన్ చేరి ‘జెన్’ అయింది. మన మల్లిక అక్కడ ‘మోలి’. మల్లెపూలు కలిపిన టీని ఈనాటికీ ఆ పేరుతోనే అమ్ముతారు. వారి పట్టు మన కావ్యాల్లో చీనాంబరమైంది.

వీటన్నిటిలో నాకు బాగా దగ్గరైనది ఒక ఉత్తరాల జత. హుయాన్ త్సాంగ్ స్వదేశం చేరిన ఏడేళ్ళకు, 652లో, బుద్ధగయ మహాబోధి విహారం నుంచి ప్రజ్ఞాదేవుడు ఆయనకు లేఖ రాస్తూ రెండు తెల్లని నూలు వస్త్రాలు పంపాడు. ఈ ప్రజ్ఞాదేవుడు కన్యాకుబ్జంలో (నేటి కనౌజ్) ఆయన చేతిలో వాదంలో ఓడినవాడే. దూరాభారం వల్ల ఇంతకంటే పంపలేకపోయానని, కానుక చిన్నదని అనుకోవద్దని కోరాడు. 654లో పంపిన జవాబుల్లో హుయాన్ త్సాంగ్ తన గురువు శీలభద్రుని మరణానికి దుఃఖించి, సింధునది దాటేటప్పుడు ఒక మోపు గ్రంథాలు నీటిపాలయ్యాయని, వాటి పేర్ల జాబితా జతపరుస్తున్నానని, వీలైతే పంపమని అడిగాడు.

ఈ లేఖల గురించి నేను మొదటిసారి చదివింది 2021లో, ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్ పాఠాలు వింటున్నప్పుడు. 2020 జనవరిలో శీతాకాల సెలవులకని ఒక్క సూట్‌కేసుతో వచ్చినవాడిని, కోవిడ్ వల్ల వీసాలు ఆగిపోయి తిరిగి వెళ్ళలేకపోయాను. నా పుస్తకాలు, మూడేళ్ళ నోట్సు అక్కడి గదిలోనే ఉండిపోయాయి. గల్వాన్ ఘర్షణ తరువాత అడగడానికి కొంత జంకినా, చివరకు నా చైనా సహాధ్యాయికి పదిహేడు వస్తువుల జాబితా పంపాను. గది ఖాళీ చేయించినప్పుడే ఆయీ అన్నిటినీ రెండు అట్టపెట్టెల్లో సర్ది, తన సామాన్ల గదిలో దాచారని అతను జవాబిచ్చాడు.

2022లో వీసాలు మొదలయ్యాక అక్కడికి వెళ్ళిన ఒక తెలుగు మిత్రుడు సెలవులకు వచ్చేటప్పుడు ఆ పెట్టెల్లో ఒకటి తేగలిగాడు. పైన నా జాబితా అచ్చువేసిన కాగితం, దాని మీద పదకొండు అంశాలకు టిక్కులు, మిగతా ఆరింటి పక్కన ‘తరువాతి పెట్టెలో’ అన్న రాత ఉన్నాయి. జాబితాలో లేని వస్తువు ఒకటి అడుగున కనిపించింది: మోలి టీ పొట్లం.