క్లచ్ పెడల్ కిందే ఉండిపోతోందా? గేర్‌బాక్స్ దించే ముందు ఇవి చూసుకోండి

ట్రాఫిక్‌లో కాసేపు నడిపాక క్లచ్ పెడల్ కిందే ఉండిపోతోంది, కాలి వేళ్లతో పైకి లాగితే గానీ రావట్లేదు, షెడ్డులో క్లచ్ సెట్ మొత్తం మార్చాలంటున్నారు. ఇదే కదా మీ సమస్య. అప్పుడే ఒప్పుకోకండి. క్లచ్ ప్లేటు అరిగితే ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు ఇంజన్ అరుస్తుంది గానీ బండి అందుకోదు, మాడిన వాసన కూడా వస్తుంది. అవేవీ లేకుండా పెడల్ మాత్రమే కింద ఉండిపోతుంటే ముందుగా అనుమానించాల్సింది ప్లేటును కాదు.

మా పాత హ్యాచ్‌బ్యాక్‌కి సరిగ్గా ఇదే జబ్బు వచ్చింది. పొద్దున బండి తీసినప్పుడు బాగానే ఉండేది. ఎండలో విజయవాడ బెంజ్ సర్కిల్ దాటేసరికి పెడల్ మెత్తబడి, సగంలో ఆగిపోయేది. మాకూ క్లచ్ సెట్టే అన్నారు.

నవ్వుకోకండి, మొదట ఫ్లోర్ మ్యాట్ తీసేసి చూడండి. మందపాటి మ్యాట్ ముందుకు జారి పెడల్‌కు అడ్డుపడటం మామూలే. తర్వాత పెడల్ పైన పిన్ను, బుష్ దగ్గర టార్చి వేసి చూడండి. అక్కడ తుప్పు పట్టినా, రిటర్న్ స్ప్రింగ్ ఊడినా తెలిసిపోతుంది.

ఇక మీది కేబుల్ క్లచ్చా, ఆయిల్ క్లచ్చా తేల్చుకోవాలి. బానెట్ ఎత్తి గేర్‌బాక్స్ మీది లివర్ చూడండి. నల్లటి తొడుగున్న తీగ వచ్చి తగులుకుంటే కేబుల్. సన్నటి పైపు వచ్చి చిన్న సిలిండర్‌లో కలిస్తే ఆయిల్. కేబుల్ అయితే తేల్చడం తేలిక: గేర్‌బాక్స్ వైపు కొస విప్పి కేబుల్‌ను చేత్తో అటూ ఇటూ లాగండి. పట్టేస్తుంటే లోపల తీగ పోగులు తెగాయనో, తుప్పు పట్టిందనో అర్థం. నూనె పోసి నాలుగు రోజులు నెట్టుకురావడం కన్నా కొత్తది వేయించడం మేలు, ఎందుకంటే అది తెగేది నడిరోడ్డు మీదే.

ఆయిల్ క్లచ్ అయితే కాస్త ఓపిక కావాలి. మీరు నొక్కిన పెడల్‌ను తిరిగి పైకి నెట్టేది చాలా వరకు క్లచ్ ప్లేటును అదిమి పట్టే ప్రెషర్ ప్లేట్ స్ప్రింగే. ఆ తోపు ఆయిల్ ద్వారానే పెడల్‌కు చేరాలి. మధ్యలో గాలి దూరినా, పెడల్ నొక్కినప్పుడు ఆయిల్‌ను నెట్టే మాస్టర్ సిలిండర్‌లో రబ్బరు సీలు అరిగి ఆయిల్ పక్కనుంచి జారిపోయినా పెడల్‌ను నెట్టేది ఉండదు, అది కిందే కూర్చుంటుంది. పెడల్‌ను వరసగా నాలుగైదు సార్లు కొట్టి చూడండి. గట్టిపడితే చాలా వరకు గాలి దూరినట్టే. ఆ తర్వాత నొక్కి పట్టుకుంటే నెమ్మదిగా కిందికి దిగిపోతుంటే సీలు మీద అనుమానపడాలి. మా బండిలో పెడల్ నుంచి మాస్టర్ సిలిండర్‌లోకి వెళ్లే పుష్ రాడ్ మీది రబ్బరు తొడుగు వేలితో కొంచెం వెనక్కి లాగితే వేలికి నల్లటి తడి అంటింది. దాంతోనే విషయం తేలిపోయింది. అక్కడ పొడిగా ఉంటే కారు కింద స్లేవ్ సిలిండర్ (గేర్‌బాక్స్ దగ్గర పైపు కలిసే ఆ చిన్న సిలిండర్) తొడుగు కూడా అలాగే చూడండి.

చాలా కార్లలో క్లచ్‌కీ బ్రేక్‌కీ ఒకటే ఆయిల్ డబ్బా, రెండింటికీ వాడేది బ్రేక్ ఆయిలే. క్లచ్ పైపు కాస్త పైనుంచి బయల్దేరుతుంది కాబట్టి ఆయిల్ తగ్గితే ముందు క్లచ్చే పోతుంది. అందుకే మట్టం తగ్గిందంటే పోసేసి ఊరుకోకూడదు, ఎటు పోతోందో వెతకాలి. బ్రేక్ ఆయిల్ గాల్లోని తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్ 3 రకం బ్రేక్ ఆయిల్ కనీసం 205 డిగ్రీల వరకు మరగదు, తేమ పడితే అది 140 దాకా దిగుతుంది. మరిగితే ఆయిల్‌లో బుడగలొస్తాయి, వేడెక్కాకే పెడల్ మెత్తబడటానికి ఇదీ ఒక కారణం. మూత మీద రాసి ఉన్న రకమే పోయండి. ఇంజన్ ఆయిల్ గానీ పోశారా, సీళ్లన్నీ ఉబ్బిపోతాయి.

మాకు ఆటోనగర్‌లో మాస్టర్ సిలిండర్ సీళ్ల కిట్ దొరికింది. సిలిండర్ లోపలి గోడ మీద గీతలు లేవు కాబట్టి సీళ్లతోనే సరిపోయింది. గీతలుంటే సిలిండరే మార్చాలి. తర్వాత గాలి తీయడం: స్లేవ్ సిలిండర్ మీది గాలి తీసే నిపిల్‌కు లోపలిది కనిపించే పైపు తగిలించి, రెండో కొస కొంచెం ఆయిల్ పోసిన సీసాలో ముంచాలి. ఒకరు పెడల్ నెమ్మదిగా నొక్కి పట్టుకుంటే, రెండోవారు పానాతో నిపిల్ వదులు చేసి మళ్లీ బిగించాలి. బిగించాకే కాలు తీయాలి. పెడల్ రాకపోతే చేత్తో లాగండి. బుడగలు ఆగేవరకు ఇదే పని, మధ్యమధ్యలో డబ్బా ఖాళీ కాకుండా పోస్తూ ఉండాలి. ఆయిల్ పెయింట్ మీద పడితే వెంటనే నీళ్లతో కడగండి, లేకపోతే రంగు లేచిపోతుంది.

ఇవన్నీ బాగుండి, పెడల్ గరగరమంటూ బిగుసుకుంటుంటే, నొక్కినప్పుడు గేర్‌బాక్స్ వైపు నుంచి రొద వస్తుంటే అప్పుడు రిలీజ్ బేరింగ్ (పెడల్ నొక్కినప్పుడు ప్రెషర్ ప్లేట్ స్ప్రింగును నెట్టేది) సంగతి చూడాలి. దానికి గేర్‌బాక్స్ దించక తప్పదు. కొన్ని కార్లలో స్లేవ్ సిలిండర్ కూడా గేర్‌బాక్స్ లోపలే ఉంటుంది, మీ కారుదీ అలాంటిదైతే అది కారినా అంతే. ఎలాగూ దించుతున్నారు కాబట్టి అప్పుడు క్లచ్ సెట్ వేయించుకోవడంలో అర్థముంది.

పని అయ్యాక షెడ్డులోనే డబ్బులిచ్చేయకండి. ఎండలో, ట్రాఫిక్‌లో ఇంజన్ బాగా వేడెక్కేదాకా తిప్పి, ఇంజన్ ఆపకుండా బండి మాత్రం ఆపి, పెడల్ పూర్తిగా నొక్కి రివర్స్ వేయండి. కిర్రుమనకుండా పడి, పెడల్ తనంతట తానే పైకి వస్తే అప్పుడు ఇవ్వండి.