నీట్‌లో సీటు రాలేదు కాబట్టి ఇంటర్ బైపీసీ తర్వాత ఫిజియోథెరపీ చదవాలనుకుంటున్నాను. చదివితే నెల్లూరు, ఒంగోలు వైపు బతకగలమా?

బతకొచ్చు. నేను ఒంగోలులోనే చేస్తున్నాను. కాకపోతే మీరు ప్రశ్నలో "నీట్‌లో సీటు రాలేదు కాబట్టి" అని రాశారు చూడండి, ఆ బాధతో మాత్రం బీపీటీలో (ఫిజియోథెరపీ డిగ్రీలో) చేరకండి. ఆ బాధ మోసేవాళ్లకి పేషెంటు దగ్గర ఓపిక ఉండదు.

కొత్తపట్నం దగ్గర పల్లెలో ఒక పెద్దాయనకి పక్షవాతం వచ్చి ఎడమవైపు పడిపోతే ఇంటికెళ్లి చేసేదాన్ని. కొడుకులు బంగారంలాంటివాళ్లు. తండ్రిని మంచం దిగనివ్వరు, అన్నం కూడా నోట్లో పెడతారు. లేపాల్సి వస్తే పడిపోయిన చెయ్యే పట్టుకుని లాగుతారు. ఆ భుజానికి కండరాల పట్టు ఉండదు, లాగితే కీలు జారుతుంది. ఆయనకి రాత్రుళ్లు నొప్పితో నిద్ర లేదు. వీళ్లేమో నూనె రాసి మర్దన చేస్తున్నారు.

మొదటిరోజు ఎక్సర్‌సైజులేవీ చేయించలేదు. పక్కకి తిప్పి, కాళ్లు కిందికి దించి, వీపు వెనక చెయ్యేసి ఎలా కూర్చోబెట్టాలో కోడలికి నేర్పాను. తర్వాత రోజూ మంచం అంచున కూర్చోబెట్టి లేపడమే పని. "వద్దమ్మా, పడతా" అనేవాడు. ఆయన ఎడమ మోకాలు మడతపడకుండా నా మోకాలు అడ్డంపెట్టి నిలబెట్టేదాన్ని. వారాలు గడిచాక ఒకరోజు తనే లేచి నిలబడి, జారిన పంచెని కుడిచేత్తో లాగి దోపుకున్నాడు. వాళ్లావిడ వీధిలోకి పరుగెత్తి అందరికీ చెప్పింది. ఎంబీబీఎస్ రాలేదని ఏడ్చేవాళ్లకి నేను చెప్పేది ఈ పెద్దాయన సంగతే.

మెషీన్ తగిలించి ఫోన్ చూసుకుంటూ కూర్చునే క్లినిక్కులంటే నాకు ఒళ్లుమంట. వాటివల్లే జనం మమ్మల్ని కరెంటు పెట్టేవాళ్లు, మసాజ్ చేసేవాళ్లు అనుకుంటున్నారు.

ఇక్కడ పని లేకపోవడమనేది ఉండదు. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై ఎముకలు, కీళ్లు పాడయ్యే ఫ్లోరోసిస్ జబ్బుని మన దేశంలో 1937లో మొదట గుర్తించింది అప్పటి నెల్లూరు జిల్లాలోనే. కనిగిరి వైపు నడుములు, మోకాళ్లు బిగుసుకుపోయినవాళ్లు ఇప్పటికీ వస్తుంటారు. ఇక షుగర్‌తో భుజం పట్టేసినవాళ్లు, మోకాలి ఆపరేషన్ అయినవాళ్లు ఏ ఊళ్లోనైనా ఉంటారు. మొదట్లో జీతం మాత్రం తక్కువే. ఇళ్లకి వెళ్లి చేయడం మొదలుపెట్టాకే నాకు నాలుగు డబ్బులు కనపడ్డాయి.

మా రోజుల్లో నాలుగేళ్ల చదువు, ఆరు నెలల ఇంటర్న్‌షిప్. కాలేజీ ఎంచుకునేటప్పుడు బిల్డింగ్ చూడకండి, దానికి పెద్దాసుపత్రి ఉందా, ఓపీకి రోజూ పేషెంట్లు వస్తున్నారా చూడండి. లేకపోతే ఫీజు తగ్గిస్తామన్నా ఆ కాలేజీ వద్దు.