తీవ్రవాద సంస్థల వలపై పరిశోధన... ఏం చదవాలి?

ప్రశ్న: వరంగల్‌లో బీఏ (సైకాలజీ, పొలిటికల్‌ సైన్స్‌) రెండో ఏడాది చదువుతున్నాను. హింసామార్గం పట్టిన తీవ్రవాద సంస్థలు చదువుకున్న యువతను కూడా ఎలా ఆకర్షిస్తున్నాయన్న అంశంపై పనిచేయాలని ఉంది. ఏ కోర్సులున్నాయి? ఉద్యోగాలు దొరుకుతాయా? ఈలోగా టెలిగ్రామ్‌లో అలాంటి గ్రూపుల్లో చేరి గమనించవచ్చా? మా నాన్నేమో ‘లేనిపోని కేసుల్లో ఇరుక్కుంటావు’ అంటున్నారు.
- ఓ విద్యార్థిని

జవాబు: టెలిగ్రామ్‌ గ్రూపుల విషయంలో మీ నాన్నగారి మాటే వినండి. చదువు విషయంలో మాత్రం ఆయన భయపడాల్సిన పనిలేదు.

మారుపేరుతో ఖాతా తెరిచి, నిషేధిత సంస్థ గ్రూపులో చేరి, ‘రీసెర్చ్‌ కోసమే కదా’ అని వీడియోలు దాచుకున్నారనుకోండి. రేపు ఆ అడ్మిన్‌ పట్టుబడితే అతని ఫోన్‌లోని సభ్యుల జాబితాలో మీ ఖాతా కూడా ఉంటుంది. చట్టవిరుద్ధ కార్యకలాపాల నిరోధక చట్టం (ఉపా) కింద కేసు పడితే బెయిల్‌ దొరకడమే గగనం. విశ్వవిద్యాలయంలో చేసే పరిశోధనకు గైడ్‌, ఎథిక్స్‌ కమిటీ అనుమతి, సేకరించిన సమాచారాన్ని ఎక్కడ భద్రపరచాలన్న నియమాలు ఉంటాయి. హాస్టల్‌ గదిలో ఒంటరిగా ఫోన్‌ పట్టుకుని కూర్చున్నవారికి ఆ రక్షణ ఉండదు. పైగా అక్కడ కనిపించేది ప్రచారం మాత్రమే. అసలు చేర్చుకోవడం విడిగా, ఒకరితో ఒకరు మాట్లాడుకునేచోట జరుగుతుంది. మీరు చదవాలనుకుంటున్నది నిజానికి దాన్నే.

మార్క్‌ సేజ్‌మన్‌ అని ఒక సైకియాట్రిస్టు ఉన్నారు, ఒకప్పుడు సీఐఏలో పనిచేశారు. అల్‌ఖైదా, దాని అనుబంధ సంస్థల్లోని 172 మంది జీవితాలను ఆయన పరిశీలించారు. వారిలో చాలామంది మధ్యతరగతివారు, చదువుకున్నవారు. సిద్ధాంత గ్రంథాలు చదివి కదిలినవారికంటే, స్నేహితుడి వెనకో బంధువు వెనకో వెళ్లినవారే ఎక్కువ. మన దగ్గరా అదే కనిపిస్తుంది. 2015 డిసెంబర్‌లో శ్రీనగర్‌ బయల్దేరి నాగపూర్‌ విమానాశ్రయంలో పట్టుబడిన ముగ్గురు హైదరాబాద్‌ కుర్రాళ్లూ దగ్గరి బంధువులే. వారిలో ఒకరు అంతకుముందు ఏడాదే సిరియా వెళ్లే ప్రయత్నంలో కోల్‌కతాలో దొరికితే, కౌన్సెలింగ్‌ ఇచ్చి ఇంటికి పంపారు. కౌన్సెలింగ్‌ దేనికీ పనికిరాదని దీన్నిబట్టి తేల్చేయకండి. ఇంటికి తిరిగొచ్చిన కుర్రాడు మళ్లీ ఎవరి మధ్య తిరుగుతాడు, ఏ పనిలో పడతాడు అన్నది ఎవరు చూశారు? నాకైతే మొదట ఆ ప్రశ్నే వస్తుంది.

వృత్తిరీత్యా నన్ను బాగా ఆలోచింపజేసిన సంగతి ఒకటుంది. 2014లో ఖిలాఫత్‌ ప్రకటించుకున్న కొద్దిరోజులకే ఐసిస్‌ నాయకుడు బాగ్దాదీ ఒక ఆడియో విడుదల చేశాడు. అందులో డాక్టర్లు, ఇంజినీర్లు, న్యాయమూర్తులు తమ దగ్గరికి రావాలని పిలిచాడు. ఒకరకంగా అది ఉద్యోగ ప్రకటనే! ‘నీ డిగ్రీకి ఇక్కడ విలువుంది, నువ్వు మాకు కావాలి’ అనడం. నలుగురిలో గుర్తింపు కోసం మనిషి పడే తపనే ఇందులో కీలకమని మేరీలాండ్‌ విశ్వవిద్యాలయానికి చెందిన సైకాలజిస్టు ఆరీ క్రుగ్లాన్‌స్కీ అంటారు. ఆ తపనకు దారి చూపే ఒక కథ, దాన్ని నమ్మే ఒక బృందం తోడైతే మనిషి హింసకూ సిద్ధపడతాడని ఆయన వాదన.

ఇది ఒక్క మతానికి సంబంధించిన విషయం కాదు. 2019లో న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్‌ మసీదుల్లో 51 మందిని చంపినవాడు శ్వేతజాతి ఆధిపత్యవాది. తన దాడిని ఫేస్‌బుక్‌లో లైవ్‌ పెట్టాడు. అది చూసి తనలాంటివాళ్లు ఇంకొందరు తయారవ్వాలన్నదే ఉద్దేశం.

మీ ఊళ్లోనే ఇంకో ఉదాహరణ ఉంది. శ్రీకాకుళం జిల్లా కుర్రాడు నంబాల కేశవరావు వరంగల్‌ ఆర్‌ఈసీ (ఇప్పటి ఎన్‌ఐటీ)లో చదివి విప్లవోద్యమంలోకి వెళ్లారు. మావోయిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి అయ్యారు, 2025 మేలో ఛత్తీస్‌గఢ్‌ ఎదురుకాల్పుల్లో మరణించారు. ఆ రోజుల్లో రాడికల్‌ విద్యార్థులు ఎండాకాలం సెలవుల్లో పాటలతో పల్లెలకు వెళ్లేవారు. వెట్టి, దొరల పెత్తనం కళ్లెదుటే ఉండేవి. అంటే వాళ్లు చెప్పిన కష్టం నిజమే, ఎంచుకున్న దారి తుపాకీది. ఈ రెంటినీ విడదీసి చూడలేకపోతే ఈ రంగంలో మంచి పరిశోధన చేయలేరు.

ఇక చదువు. ‘టెర్రరిజం స్టడీస్‌’ అన్న పేరు చూసి డిగ్రీ అవగానే ఎందులోనో చేరిపోవద్దు. ముందు సైకాలజీ లేదా సోషియాలజీలో పీజీ చేయండి. పునాది గట్టిగా ఉంటే, ఈ రంగంలో అవకాశం రాకపోయినా బతుకుతెరువుకు ఢోకా ఉండదు. ఆ తర్వాత గాంధీనగర్‌లోని రాష్ట్రీయ రక్షా విశ్వవిద్యాలయం, విదేశాలకు వెళ్లే స్తోమత ఉంటే స్కాట్లాండ్‌లోని సెయింట్‌ ఆండ్రూస్‌ విశ్వవిద్యాలయం పరిశీలించవచ్చు. స్టాటిస్టిక్స్‌ తప్పించుకోవద్దు. ఒక భాష కూడా నేర్చుకోండి. ఉర్దూ, అరబిక్‌లకు హైదరాబాద్‌లో మంచి సంస్థలున్నాయి. దండకారణ్యంపై పనిచేయాలనుకుంటే అక్కడి ఆదివాసుల భాష గోండి రావాలి. అది తెలిసిన పరిశోధకులు తక్కువ, మీకు అదే బలమవుతుంది.

ఉద్యోగాల సంగతి ఉన్నదున్నట్టు చెబుతాను. ఇదే పేరుతో నోటిఫికేషన్లు దాదాపు రావు. స్టాఫ్‌ సెలక్షన్‌ కమిషన్‌ డిగ్రీవారికి పెట్టే సీజీఎల్‌ పరీక్ష ద్వారా జాతీయ దర్యాప్తు సంస్థ (ఎన్‌ఐఏ)లో సబ్‌ఇన్‌స్పెక్టర్‌, విడిగా పరీక్ష రాసి ఇంటెలిజెన్స్‌ బ్యూరోలో అసిస్టెంట్‌ సెంట్రల్‌ ఇంటెలిజెన్స్‌ ఆఫీసర్‌ (ఏసీఐఓ) కావచ్చు. ఢిల్లీలో మనోహర్‌ పారికర్‌ ఐడీఎస్‌ఏ, ఇన్‌స్టిట్యూట్‌ ఫర్‌ కాన్‌ఫ్లిక్ట్‌ మేనేజ్‌మెంట్‌ లాంటి పరిశోధన సంస్థలున్నాయి. అక్కడ ఎదగాలంటే పీహెచ్‌డీ ఉండాలి, కొత్తలో ఐటీ జీతాలు ఆశించకూడదు. సోషల్‌ మీడియా కంపెనీల్లో కంటెంట్‌ పాలసీ ఉద్యోగాలకు జీతం బాగుంటుంది. కానీ అడుగుస్థాయి మోడరేటర్‌గా రోజంతా హింసాత్మక వీడియోలు చూడటం మనసును దెబ్బతీస్తుంది. అందులో చేరితే బయటపడే గడువు కూడా ముందే పెట్టుకోండి.

దారి తప్పినవారిని వెనక్కి తెచ్చే పనికి జర్మనీలో 2000 నుంచి ఎగ్జిట్‌ అనే సంస్థ ఉంది. నయా నాజీ ముఠాలను వదిలి వచ్చేవారికి తోడుగా నిలుస్తుంది. మన దగ్గర ఆ పని ఎక్కువగా పోలీసుల చేతుల్లోనే ఉంది.

ప్రస్తుతానికి డిగ్రీ ప్రాజెక్టుకు 1970ల నాటి విద్యార్థి ఉద్యమాన్ని తీసుకోండి. అచ్చయిన జ్ఞాపకాలు, పాత పత్రికలు కావలసినన్ని ఉన్నాయి. అప్పటివాళ్లు మీ ఊళ్లోనే ఉన్నారు. కాలేజీ నుంచి ఉత్తరం తీసుకుని వెళ్లి మాట్లాడండి. సిద్ధాంతం గురించి కాకుండా, మొదటి మీటింగ్‌కు ఎవరు తీసుకెళ్లారని అడగండి.