కొత్తగా ల్యాబ్ పెడుతున్న మేనకోడలికి

మహారాణిపేట, విశాఖపట్నం

బుజ్జీ,

గాజువాకలో నువ్వు సొంతంగా ల్యాబ్ పెడుతున్నావని మీ నాన్న రాత్రి పదింటికి ఫోన్ చేసి చెప్పాడు. లోను కూడా వచ్చేసిందట కదా. నా దగ్గర చెయ్యి పట్టుకుని సిరంజి నేర్చుకున్న పిల్ల బోర్డు కడుతోందంటే ఎంత మురిసిపోయానో! ఆ తర్వాత నిద్ర పడితే ఒట్టు. నువ్వు చెయ్యబోయే పరీక్షల పట్టిక పంపమన్నాను, పంపాడు. హెపటైటిస్ సి ఎదురుగా 'కార్డు టెస్ట్' అని రాసి ఊరుకున్నావు, అంటే చుక్క వేసి గీత వచ్చిందా లేదా చూసే ఆ కార్డొక్కటే. అదేంటే? మొత్తం ఉత్తరం ఆ రెండు మాటల కోసమే.

లైసెన్సులూ చెత్త సంచుల రంగులూ నీకు తెలిసినవే. ఫ్రిజ్‌లో ఉంచాల్సిన కిట్లు 2 నుంచి 8 డిగ్రీల్లో ఉండాలి, ఫ్రిజ్‌కి ఇన్వర్టర్ పెట్టించు. 2014లో హుద్‌హుద్ వచ్చి కరెంటు పోయినప్పుడు మా కిట్లన్నీ పారబోశాం. ఐస్ కోసం ఊరంతా తిరిగి మీ నాన్న తడిసిన లుంగీతో, ఖాళీ బకెట్‌తో వచ్చాడు.

ఇంక నా సంగతి విను. ఇది మీ నాన్నకి కూడా చెప్పలేదు.

2003లో నేనొక ప్రైవేటు ల్యాబ్‌లో చేస్తున్నాను. గల్ఫ్ వెళ్లేవాళ్లు అసలు మెడికల్‌కి ముందు మా దగ్గర చూపించుకునేవారు. ఓ సాయంత్రం ఫిషింగ్ హార్బర్‌లో పనిచేసే కుర్రాడొకడు వచ్చాడు. హెపటైటిస్ సి కార్డు మీద చుక్క వేశాను. 20 నిమిషాలకి చూడాలని కిట్ కాగితంలో ఉంది. నేను కిందకి టీకి వెళ్లాను, మాటల్లో పడ్డాను. తిరిగొచ్చేసరికి నలభై దాటింది. కార్డు పనిచేసిందని చెప్పే కంట్రోల్ గీత ముదురు గులాబీ రంగులో ఉంది. దాని పక్కన, కార్డు కిటికీ వైపు వంచితే గానీ కనపడనంత సన్నగా, బూడిదరంగులో ఇంకో గీత. కార్డు ఆరిపోతే అలాంటి గీత రావచ్చని నాకు తెలుసు. తెలిసీ ఇంకో కార్డు వెయ్యలేదు. ఏజెంటు కింద స్కూటర్ మీద హారన్ కొడుతున్నాడు. రెండో కార్డు ఖర్చు ఎవరిదని ఓనరు గొణుగుతాడు. 'హెచ్‌సీవీ పాజిటివ్', అంటే హెపటైటిస్ సి వైరస్ ఉందని, రాసి సంతకం పెట్టేశాను.

వీసా పోయింది. ఇంట్లో వాడి గ్లాసు, కంచం వేరు చేశారు. కలిసి తింటే అంటుకునే జబ్బు కాదని, రక్తం ద్వారా సోకేదని చెప్పినవాళ్లు లేరు. చెప్పాల్సినదాన్ని నేనే. పురిటికి పుట్టింటికెళ్లిన భార్యని వాళ్లు తిరిగి పంపలేదు.

రెండేళ్ల తర్వాత వాడే వచ్చాడు. చేతిలో ఇంకో ఊళ్లో చేయించిన ఆర్ఎన్ఏ రిపోర్టు, అంటే రక్తంలో వైరస్‌నే నేరుగా వెతికే పరీక్షది, కవర్లో వంజరం ముక్కలు. ఆ రిపోర్టులో వైరస్ లేదు. "అమ్మా, వీళ్లు లేదంటున్నారు, మీరు ఉందన్నారు. ఏది నిజం?" అన్నాడు. తిట్టడానికి కాదు, నిజంగానే తెలుసుకుందామని అడిగాడు. నాకేం చెప్పాలో తోచలేదు. సి వైరస్ సోకినవాళ్లలో నూటికి 15 నుంచి 45 మందికి ఆరు నెలల్లోపు మందులు లేకుండానే పోతుంది. వాడికి వచ్చి పోయిందో, అసలు రానేలేదో, ఇప్పటికీ నాకు తెలీదు. ఆ రోజే వేళకి ఇంకో కార్డు చూసి, గుంటల ప్లేటులో రంగు చూసే ఎలైజా పరీక్ష కూడా వేసి ఉంటే సగం సంగతైనా తేలేది. చేప వద్దంటే చిన్నబుచ్చుకుంటాడని తీసుకున్నాను. వండటానికి మనసొప్పక పక్కింటికి ఇచ్చేశాను.

అందుకే చెప్తున్నాను. కార్డైనా, ఎలైజా అయినా, పెద్ద ల్యాబుల్లో మిషన్ మీద చేసే క్లియా అయినా, మూడూ వెతికేది యాంటీబాడీనే, అంటే వైరస్‌ని ఎదుర్కోవడానికి మన ఒళ్లు తయారుచేసుకునేదాన్నే. దొంగ పడ్డాక ఇంటికి వేసిన కొత్త తాళం లాంటిది అది. తాళం చూసి దొంగ ఇంకా లోపలే ఉన్నాడంటామా? జబ్బు నయమైనవాళ్లలో కూడా ఏళ్ల తరబడి యాంటీబాడీ ఉంటుంది. దొంగ నిన్ననే దూరితే తాళం ఇంకా కొనే ఉండరు. వైరస్ సోకాక యాంటీబాడీ కనపడటానికి మామూలుగా 8 నుంచి 11 వారాలు పడుతుంది. ఆర్ఎన్ఏ అయితే ఒకటి రెండు వారాల్లోనే దొరుకుతుంది. డయాలసిస్ వాళ్ల విషయంలో ఇంకా జాగ్రత్త. ఉద్దానం నుంచి ఎంతమంది వస్తారో నీకు నేను చెప్పాలా? వాళ్లలో కొందరికి యాంటీబాడీ సరిగ్గా తయారే కాదు. కార్డు నెగెటివ్ అని ధీమాగా పంపేయకు. పసిపిల్లలకి తల్లి యాంటీబాడీయే 18 నెలల వరకు ఉండొచ్చు, అది చూసి బిడ్డకి జబ్బని రాసేవు!

కార్డు మానెయ్యమనడం లేదు. శిబిరాలకి, పల్లెలకి అది చౌక, పరీక్ష చెయ్యడానికి కరెంటు అక్కర్లేదు. ఎలైజా ఒక్కో ప్లేటుకి 96 గుంటలు, శాంపిల్స్ పోగయ్యేదాకా ఆగాలి, కడగడంలో అశ్రద్ధ చేస్తే లేని రంగు వస్తుంది. నీ చిన్న ల్యాబ్‌కి మొదటి పరీక్ష కార్డే, సరే. కానీ రెండో గీత వస్తే అక్కడితో ఆగకూడదు. వైరస్ ఇప్పుడుందని తేల్చేది ఆర్ఎన్ఏ పీసీఆరే. అది అందుబాటులో లేనిచోట వైరస్ లోపలి ప్రోటీన్‌ని వెతికే కోర్ యాంటిజెన్ పరీక్ష ఉంది, చవకే గానీ వైరస్ తక్కువున్నప్పుడు జారిపోతుంది.

రిపోర్టులో 'పాజిటివ్' అని రాయకు. 'యాంటీబాడీ రియాక్టివ్, నిర్ధారణకు ఆర్ఎన్ఏ పరీక్ష చేయించాలి' అని రాయి. రక్తం తీసేటప్పుడే ఊదా మూత ఈడీటీఏ ట్యూబు ఇంకోటి తీసి పెట్టుకో. పార్వతీపురం నుంచి బస్సెక్కి వచ్చినవాడు మళ్లీ రమ్మంటే వస్తాడా? హెపారిన్ ట్యూబు మాత్రం వద్దు, పీసీఆర్‌ని పాడుచేస్తుంది.

ఆర్ఎన్ఏలో వైరస్ వచ్చినవాళ్లకి పక్కన కూర్చోబెట్టుకుని చెప్పు. 2018 జులై 28న కేంద్రం మొదలుపెట్టిన కార్యక్రమంలో పరీక్షా, మందులూ ఉచితం. చాలామందికి 12 వారాల మాత్రలతో నయమవుతుంది. పూర్తయ్యాక ఇంకో 12 వారాలకి మళ్లీ ఆర్ఎన్ఏ చూడాలి. అప్పుడు యాంటీబాడీ టెస్ట్ చేసి 'ఇంకా ఉంది' అని భయపెట్టేవాళ్లున్నారు. ఆ లిస్టులో నీ పేరు చేరిందో, మీ నాన్నతో కాదు, నాతో పడతావు.

ఆదివారం మీ నాన్న చేత ఓ డబ్బా పంపుతున్నాను. పైన పెసరట్ల పిండి, వెంటనే ఫ్రిజ్‌లో పెట్టు, కిట్ల ఫ్రిజ్‌లో కాదు. అడుగున గుడ్డలో చుట్టిన టైమరు ఉంటుంది, ఆ చేపల కుర్రాడు వచ్చి వెళ్లిన మర్నాడు పూర్ణా మార్కెట్లో కొన్నాను. మూత వదులైంది, రబ్బరు బ్యాండ్ తియ్యకు. చిన్న సెల్ ఒకటి వేసుకో.

నీ మేనత్త