బీపీ మాత్ర వల్ల చర్మంపై ఎర్రటి మచ్చలు రావచ్చా?

మీ నాన్నగారు బీపీ మాత్ర మొదలుపెట్టిన ఐదు నెలలకు మెడ మీద, ముంజేతుల మీద ఎర్రటి మచ్చలు వచ్చాయని, ఇన్నాళ్లు పడిన మందు ఇప్పుడెందుకు పడకుండా పోతుందని అడిగారు. అలా జరగవచ్చునండీ. మా అమ్మగారి విషయంలో ఈ సందేహమే అడ్డుపడి మేము నాలుగు నెలలు పోగొట్టుకున్నాము.

ఆమె వాడినది టెల్మిసార్టాన్ అనే బీపీ మందుతో 12.5 మిల్లీగ్రాముల హైడ్రోక్లోరోథయజైడ్ (థయజైడ్ రకపు బీపీ మందు) కలిసిన మాత్ర. ఎనిమిది నెలలు ఏ ఇబ్బందీ లేదు. ఆ వేసవిలో వీపు పైభాగాన, చేతుల వెలుపలి వైపున, అంచు ఎర్రగా పొట్టు రేగుతూ నడుమ మామూలుగా కనిపించే గుండ్రటి మచ్చలు మొదలయ్యాయి. చూసినవారందరూ తామర అన్నారు. మెడికల్ షాపులో ఇచ్చిన పూతమందు రాస్తే కొంత తగ్గి, మానగానే తిరిగి వచ్చేవి; అందులో స్టెరాయిడ్ కలిసి ఉందని, ఆ కాస్త ఉపశమనమే మమ్మల్ని మోసపుచ్చిందని తరువాత తెలిసింది. తామర ఎక్కువగా వచ్చే నడుము, గజ్జలు శుభ్రంగా ఉండి, ఎండ తగిలే చోటనే మచ్చలు ఉన్నాయని మొదట గమనించినది చర్మవైద్యురాలే.

చర్మాన్ని గీకి పరీక్షిస్తే ఫంగస్ కనబడలేదు. చర్మపు ముక్క పరీక్షలో లూపస్ అనే జబ్బు లక్షణాలు, రక్తంలో దానిని సూచించే యాంటీ-రో యాంటీబాడీలు కనిపించాయి. శరీరంలోని రక్షణ వ్యవస్థ సొంత చర్మం మీదికే తిరగబడే ఈ జబ్బుకు థయజైడ్ మందులు కారణం కాగలవని 1985లోనే వైద్యులు గుర్తించారని, అది మందు మొదలైన కొన్ని వారాలకు గాని కొన్నేళ్లకు గాని బయటపడవచ్చని, డిల్టియాజెమ్ వంటి ఇతర బీపీ మందులతోనూ వస్తుందని చర్మవైద్యురాలు ఓపికగా వివరించారు.

బీపీ చూసే వైద్యునితో మాట్లాడి ఆమె హైడ్రోక్లోరోథయజైడ్‌ను తీసివేయించి, టెల్మిసార్టాన్‌ను మాత్రమే కొనసాగించారు. పది వారాలలో మచ్చలు మాసిపోయాయి. మందు మానినా యాంటీ-రో చాలాకాలం నిలిచి ఉండవచ్చు కనుక అమ్మగారు ఇప్పటికీ ఎండలో పొడుగు చేతుల జాకెట్టే వేసుకుంటున్నారు.

దయచేసి మాత్రను మీ అంతట మీరు ఆపకండి, బీపీ ఒక్కసారిగా పెరిగితే అది మరింత ప్రమాదం. బొబ్బలు, నోటిలో పుండ్లు, జ్వరం ఉంటే మాత్రం ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి. లేనిపక్షంలో ఈ వారంలోనే చర్మవైద్యులను కలిసి, మాత్రల అట్టనూ, మందు మొదలుపెట్టిన తేదీ ఉన్న పాత చీటీనీ చూపించండి. మా అమ్మగారి విషయంలో అనుమానం మాత్ర మీదకు మళ్లింది ఆ చీటీ చూసిన తరువాతనే.