నాలుగో సంతకం

నాకు 26 ఏళ్లు. మాది నల్లగొండ దగ్గర పల్లె. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా నాన్న పోయారు. అప్పటి నుంచి మా మేనమామే మాకు దిక్కు. ఫీజులు కట్టి ఎన్జీ కాలేజీలో డిగ్రీ చదివించింది ఆయనే, ఈ సంబంధం తెచ్చిందీ ఆయనే. అబ్బాయి తండ్రి, మామయ్య కలిసి మిర్యాలగూడ మిల్లులకు వడ్లు తోలే వ్యాపారం చేస్తారు. మొన్న మాఘంలో పెళ్లయింది. 12 లక్షల కట్నం, 14 తులాల బంగారం పెట్టారు. కాపురం హైదరాబాద్‌లో. జ్యేష్ఠంలో, రేషన్ కార్డులో పేరు ఎక్కించడానికని బీరువాలో కాగితాలు వెతుకుతుంటే నాలుగు మడతలు పెట్టిన స్టాంపు పేపర్ ఒకటి బయటపడింది. మా ఆయనకు ఇంతకు ముందే పెళ్లయింది, ఒక బాబు ఉన్నాడు. పెద్దమనుషుల ముందు డబ్బు ఇచ్చి, "ఇకమీదట ఒకరికొకరికి ఎలాంటి సంబంధం లేదు" అని రాసుకున్నారు. కోర్టుకు పోలేదట. అడిగితే "చెప్తే చేసుకోవు కదా" అన్నాడు. ఏం చేయాలో తెలియక కొన్ని రోజులు అక్కడే ఉండి, ఆషాఢానికి తల్లిగారింటికి వచ్చాను. శ్రావణంలో వచ్చి తీసుకుపోతామంటున్నారు. నాకు పోవాలని లేదు. విడాకులు కాకుండా పెళ్లే రద్దు చేయించుకోవచ్చని విన్నాను. అప్పుడు నేను పెళ్లి కానిదాన్నే అవుతానా? ఇంకో విషయం. ఆ కాగితం కింద సాక్షుల సంతకాల్లో నాలుగోది మామయ్యది. నా ప్రోగ్రెస్ కార్డుల మీద పెట్టిన సంతకమే. ఆయన మరిచిపోయి ఉంటారేమో. అన్న పేరు బయటికి రావొద్దని అమ్మ ఒకటే ఏడుపు. మామయ్య పేరు రాకుండా కేసు వేయొచ్చా? ఆదివారం పంచాయితీ పెట్టారు. 5 లక్షలు ఇస్తాం, స్టాంపు పేపర్ రాసుకుని విడిపోదాం అని కూడా వాళ్ల వైపు నుంచి మాట వచ్చింది.

*

బిడ్డా, నీ ఉత్తరం చాలా పెద్దది. ఇక్కడ కుదించి ఇచ్చాను.

పెళ్లి రద్దయితే పెళ్లి కానిదానివే అవుతావా అని అడిగావు. కాగితం మీద అవుతావు, ఊళ్లో కావు. ఫంక్షన్ హాల్లో తిని, కట్నాలు చదివించి పోయిన బంధువులకు ఏ జడ్జీ ఆ పెళ్లిని మరిపించలేడు. రేపు ఇంకో సంబంధం వచ్చినా ఇది చెప్పే చేసుకోవాలి. నీకు జరిగిందే ఇంకొకరికి నువ్వు చేయవు కదా. కాబట్టి ఆ ప్రశ్న మీద నిద్ర పాడు చేసుకోకు.

నీ భర్త గురించి కూడా నేను ఎక్కువ రాయను. "చెప్తే చేసుకోవు కదా" అన్నాడంటే తాను దాచింది ఎంత పెద్ద సంగతో అతనికి బాగా తెలుసు. ఆ మాట ఎప్పుడు అన్నాడో, పక్కన ఎవరున్నారో రాసిపెట్టుకో. వాట్సాప్‌లో అన్నదైతే చెరిపేయకు. పెళ్లి చూపులకు ముందు పంపిన బయోడేటాలో, పెళ్లి రిజిస్ట్రేషన్ చేయించి ఉంటే ఆ దరఖాస్తులో, అవివాహితుడని రాసి ఉంటే అవీ తీసి పెట్టు. అతనితో నీకున్న లెక్క ఇంతవరకే.

నన్ను పట్టి ఆపింది ఆ నాలుగో సంతకం.

ఆయన మరిచిపోయి ఉంటారేమో అని రాశావు. అలా రాయడానికి నీ చెయ్యి ఎలా ఒప్పిందో నాకు అర్థం కాలేదు. ఊళ్లో ఎన్ని పంచాయితీలు చేసిన మనిషైనా, తనతో కలిసి వ్యాపారం చేసే వాడి కొడుకు పెళ్లిని తెంపిన పంచాయితీ మరిచిపోతాడా? పెళ్లినాడు నిన్ను గంపలో కూర్చోబెట్టి మండపానికి ఎత్తుకొచ్చింది ఆయనే కదా. ఎవరి పక్కకు తీసుకుపోతున్నాడో తెలిసే తీసుకుపోయాడు. కావాలని నీ గొంతు కోశాడని నేను అనను. తండ్రి లేని పిల్ల, ఆస్తి ఉన్న ఇల్లు, పాత ముచ్చట ఎందుకు తవ్వడం అనుకుని ఉంటాడు. మన పెద్దమనుషుల్లో చాలామంది అనుకునేది అదే. కానీ తండ్రి లేని పిల్ల అని నిజంగా జాలిపడితే, ఆ సంగతి అందరికంటే ముందు ఆ పిల్లకే చెప్పాలి. వడ్ల లెక్కల్లో ఎవరికెవరు బాకీ ఉన్నారో నువ్వు రాయలేదు. అది మాత్రం కనుక్కో.

నీ అసలు కష్టం అక్కడే ఉంది. మొగుణ్ని వదిలేయడానికి నువ్వు సిద్ధపడ్డావు, ఉత్తరంలో ఆ విషయంలో ఎక్కడా తడబాటు లేదు. మామయ్య దగ్గరికి వచ్చేసరికి మాత్రం ప్రతి వాక్యం చివర "ఏమో" వచ్చి చేరుతోంది. ఆయన కట్టిన ఫీజులు నీ నోరు కట్టేశాయి.

ఆ రుణం నిజమే, కాదనను. తీర్చు. ఆయనకు వయసు మీద పడ్డప్పుడు ఆస్పత్రికి తీసుకుపో, ఉద్యోగం చేసి ఆయన పిల్లల చదువుకు డబ్బు పంపు, పండగకు బట్టలు పెట్టు. పెంచిన చేతిని గౌరవించడం ఎవరూ నేర్పక్కర్లేదు మనకు. అయితే ఆ బాకీ కింద నీ కాపురాన్ని జమ కట్టుకునే హక్కు ఆయనకు ఎక్కడిది? పెట్టిన అన్నానికి బదులుగా మౌనం అడిగితే దాన్ని సాయం అనడానికి నాకు మనసు రాదు.

మీ అమ్మను నేను తప్పు పట్టను. ఆమెకు అన్నతో చెడితే తల్లిగారిల్లే లేకుండా పోతుంది. రేపు ఒడిబియ్యం పోసేవాళ్లు ఎవరు అన్న దిగులు ఆమెది. కానీ ఆ ఏడుపు ఎవరి కోసమో ఒకసారి మెల్లగా అడుగు. నీ కోసమే అయితే, ఆ అన్న గడప ముందుగా తొక్కాల్సింది ఆమే.

ఇక, మామయ్య పేరు రాకుండా కేసు వేయొచ్చా అన్నావు. వేయలేవు. హిందూ వివాహ చట్టం 12వ సెక్షన్ ప్రకారం, అవతలి మనిషికి సంబంధించిన ముఖ్యమైన సంగతి దాచి సమ్మతి తీసుకుంటే ఆ పెళ్లిని రద్దు చేయమని అడగొచ్చు. 1955లో చట్టం వచ్చినప్పుడు ఇంత విడమరిచి లేదు, ఈ "ముఖ్యమైన సంగతి" అన్నది 1976 సవరణలో చేర్చారు. మోసపోయింది నువ్వని నువ్వే చూపాలి. వాళ్ల వకీలు లేచి మొట్టమొదట అనేది ఏమిటో చెప్పనా? "సంబంధం తెచ్చిన సొంత మేనమామకు అంతా తెలుసు, ఇదిగో ఆయన సంతకం. పిల్లకు తెలియదంటే నమ్మాలా? తెలిసే చేసుకున్నారు, ఇప్పుడు మాట మారుస్తున్నారు" అంటాడు. నీకున్న గట్టి ఆధారం ఆ స్టాంపు పేపరే. అది బయటపెడితే ఆయన పేరు బయటపడుతుంది, అది దాస్తే నీ కేసు నిలబడదు. అందుకే ఆయన్ని దాచిపెట్టకు, ముందుకు తీసుకురా. "నాకు తెలుసు. మా చెల్లెకు గానీ పిల్లకు గానీ నేను చెప్పలేదు, వాళ్లూ చెప్పలేదు" అని ఆయన కోర్టులో ఒక్క మాట అంటే అవతలి వకీలు వాదన అక్కడికక్కడే పడిపోతుంది. పరువు పోతుందని భయపడితే, ఈ కేసుల విచారణ నలుగురిలో జరగదని చెప్పు. 22వ సెక్షన్ కింద మూసిన గదిలోనే జరగాలి, విచారణ సంగతులు పత్రికల్లో అచ్చు వేయడం కూడా నేరం.

ఆయన కాదంటే? అయినా కేసు వెయ్యి. కష్టమవుతుంది, అంతే. సాక్షిగా ఆయన్ని కోర్టు ద్వారానే పిలిపించొచ్చు. సొంత మేనకోడలు సమన్లు పంపించే దాకా తెచ్చుకోవాలా వద్దా అన్నది అప్పుడు ఆయన ఆలోచించుకోవాలి.

శ్రావణంలో మాత్రం పోకు. ఇది నేను బతిమాలి చెప్తున్న మాట. మోసం బయటపడ్డ రోజు నుంచి ఏడాది లోపల పిటిషన్ వేయాలి. అంతకంటే ముఖ్యమైన మెలిక ఇంకోటి ఉంది. సంగతి తెలిశాక కూడా పూర్తి ఇష్టంతో కాపురం చేస్తే, గడువు ఎంత మిగిలి ఉన్నా ఆ తలుపు మూసుకుపోతుంది. "ఒక నెల ఉండి చూడు, నచ్చకపోతే వచ్చెయ్యి" అని ఆదివారం ఎవరో ఒక పెద్దాయన తీయగా అంటాడు. ఆ నెలే వాళ్లకు కావాల్సింది. కాగితం దొరికాక ఆషాఢం దాకా అక్కడే ఉన్నానని రాశావు కదా, ఆ రోజులు ఎలా గడిచాయో వకీలుకు ఉన్నదున్నట్టు చెప్పు, సిగ్గుపడకు. ఏం చేయాలో తోచక ఒకే ఇంట్లో ఉండటం వేరు, ఇష్టపడి ఉండటం వేరు. ఆ తేడా కోర్టుకు చెప్పగలగాలి.

ఆ కాగితాన్ని ఇంకో వైపు నుంచి కూడా చూడు. కోర్టు డిక్రీ లేకుండా పెద్దమనుషుల్లో రాసుకున్న విడాకులు మామూలుగా చెల్లవు. తమ కులంలో అలా తెగతెంపులు చేసుకునే ఆచారం ఎప్పటి నుంచో ఉందని రుజువు చేస్తేనే 29వ సెక్షన్ దాన్ని కాపాడుతుంది. రుజువు చేయాల్సిన బరువు ఆచారం ఉందన్నవాళ్ల మీదే. చేయలేకపోతే ఆ మొదటి అమ్మాయి ఈ రోజుకీ అతని భార్యే. అప్పుడు నీది రద్దు చేయాల్సిన పెళ్లి కూడా కాదు, మొదటి నుంచీ చెల్లని పెళ్లి. దానికి 11వ సెక్షన్ ఉంది, ఏడాది గడువు గొడవ లేదు. పైగా బతికున్న భార్య సంగతి దాచి ఇంకో పెళ్లి చేసుకోవడం భారతీయ న్యాయ సంహిత 82వ సెక్షన్ కింద నేరం, పదేళ్ల దాకా శిక్ష పడొచ్చు. ఒకటి నిలబడకపోతే రెండోదన్నా నిలబడేలా 11, 12 సెక్షన్లు రెండూ కలిపి అడగమని వకీలుకు చెప్పు.

ఇప్పుడు ఆ 5 లక్షల మాట. ఎంత ధైర్యమో చూడు. ఒక స్టాంపు పేపర్‌తో ఒక ఆడపిల్లను పంపించేశారు, అదే మందు నీకూ పోస్తామంటున్నారు. నువ్వు దాని మీద సంతకం పెట్టి, రేపు ఇంకొకరిని చేసుకుంటే, ఆ మనిషికి నువ్వు చెల్లని పెళ్లి అంటగట్టినదానివి అవుతావు. ఇవాళ నీ భర్త నీ ముందు ఎక్కడ నిలబడ్డాడో, నువ్వు అతని ముందు అక్కడ నిలబడతావు. డబ్బు ఎంతకు పెంచినా ఆ కాగితం ముట్టుకోకు. నీ పెళ్లి కోర్టులోనే తెగాలి.

ఆ మొదటి అమ్మాయి గురించి నీ ఉత్తరంలో ఒక్క ముక్క లేదు. ఆమెను సవతిగా చూడకు. పసిబిడ్డను చంకనేసుకుని ఆమె ఆ పంచాయితీలో ఎలా కూర్చుందో, కాగితం మీద ఏముందో ఆమెకు చదివి వినిపించారో లేదో ఎవరికి తెలుసు? మీ మామయ్య నోరు విప్పకపోతే అక్కడ ఏం జరిగిందో నీకు చెప్పగలిగేది ఆమే. వీలైతే ఆడమనిషి ఎవరినైనా వెంటబెట్టుకుని వెళ్లి కలువు.

కేసుకు హైదరాబాద్ తిరగక్కర్లేదు. 2003 నుంచి భార్య తానుండే చోటే పిటిషన్ వేసుకోవచ్చు, నల్లగొండలోనే వెయ్యి. వకీలు ఫీజుకు మామయ్య ముందు చెయ్యి చాపే అవసరం కూడా లేదు. జిల్లా కోర్టులోనే న్యాయ సేవాధికార సంస్థ ఉంది. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా వకీలును ఉచితంగా పెడతారు. ఫోన్ చేయాలంటే 15100. బంగారం ఎవరి దగ్గర ఏముందో ఇప్పుడే పట్టీ రాసుకో, పెళ్లి ఆల్బంలో ఏ నగ ఏ ఫోటోలో ఉందో గుర్తు పెట్టుకో. అది నీ సొత్తు. పెళ్లి నిలబడినా నిలబడకపోయినా అది వాళ్లది కాదు.

ఆదివారం పంచాయితీకి పోవాలా వద్దా అన్నది నీ ఇష్టం. నన్నడిగితే, శనివారం లోపల మామయ్య ఇంటికి పోవడం అంతకంటే ముఖ్యం. అమ్మను తీసుకుపో. ఇంకెవరూ వద్దు, అత్తయ్య ఉంటే ఉండనీ. కాగితం జిరాక్స్ ఆయన ముందు పెట్టి "ఇది నీ సంతకమేనా మామా" అని అడుగు. చదివించిన ముచ్చట ఆయన ఎత్తితే అవునను, అడ్డం పడకు. కోర్టులో ఆయన ఏం చెప్పాలో అప్పుడే అడుగు.

అసలు కాగితం నీ వెంట తెచ్చుకున్నావా, ఇంకా ఆ బీరువాలోనే ఉందా అన్నది రాయలేదు. ఫోటో ఒక్కటే ఉంటే ఈ రోజే ఇంకో ఇద్దరికి పంపి ఉంచు. ఈపాటికి అసలుది మాయమై ఉండొచ్చు. అయినా ఇలాంటి ఒప్పందాలు రాసినప్పుడు పెద్దమనుషుల్లో ఒకరి దగ్గర ఒక ప్రతి ఉంచడం మామూలే. అది మీ మామయ్య దగ్గరే ఉందేమో, పోయినప్పుడు అదీ అడుగు.